రేపటి పనులను ఇంగ్లిష్ పాసివ్ వాయిస్‌లో రాయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"రిజల్ట్స్ విల్ డిక్లేర్" అని రాయాలా, "రిజల్ట్స్ విల్ బి డిక్లేర్డ్" అని రాయాలా? "వెన్ ది వర్క్ విల్ బి కంప్లీటెడ్" అంటే ఎందుకు తప్పు? "విల్ హావ్ బీన్" ఎక్కడ వాడాలి? నోటీసులు, ఆఫీసు మెయిళ్ళు, దరఖాస్తులు రాసేవారు తరచుగా అడిగే ప్రశ్నలివి. బడిలో మనచేత యాక్టివ్ వాక్యాలను (పని చేసేవారితో మొదలయ్యేవాటిని) పాసివ్‌లోకి (పని దేని మీద జరుగుతుందో దానితో మొదలయ్యేలా) మార్పించారు కానీ, మనసులో తెలుగులో మెదిలిన విషయాన్ని నేరుగా పాసివ్ వాక్యంగా రాయడం నేర్పింది తక్కువ. ఈ మార్గదర్శి తెలుగు వాక్యం దగ్గరే మొదలవుతుంది.

ఉదాహరణలన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి. సాధన చేసేటప్పుడు వాటిని నోటు పుస్తకంలో ఇంగ్లిష్ అక్షరాలతో రాసుకోవడం మంచిది.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

పాసివ్ వాక్యం ఏదైనా క్రియ మూడో రూపం మీదే నిలబడుతుంది. దీన్నే పాస్ట్ పార్టిసిపుల్ అనీ, వీ3 అనీ అంటారు. ఈ రూపం రాకపోతే మిగతా సూత్రాలన్నీ వచ్చినా ప్రయోజనం లేదు కనుక, నోటీసుల్లోనూ మెయిళ్ళలోనూ ఎక్కువగా వచ్చే ఈ క్రియలను ముందే కంఠస్థం చేయండి.

- మారేవి: సెండ్–సెంట్, హోల్డ్–హెల్డ్, పే–పెయిడ్, బిల్డ్–బిల్ట్, గివ్–గివెన్, టేక్–టేకెన్, ఛూజ్–ఛోజెన్, రైట్–రిటెన్, సెల్–సోల్డ్, మేక్–మేడ్.
- మారనివి: కట్, పుట్, సెట్, షట్.
- చివర 'ఈడీ' చేరేవి: కండక్ట్, డిక్లేర్, ఇష్యూ, రిలీజ్, రిఫండ్, వెరిఫై, పోస్ట్‌పోన్, క్యాన్సిల్.

మూడో జాబితా తేలికగా కనిపిస్తుంది కానీ తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే. మాట్లాడేటప్పుడు చివరి 'డ్' గట్టిగా పలకం కాబట్టి, రాసేటప్పుడు కూడా అది జారిపోయి "విల్ బి కండక్ట్" అని మిగులుతుంది.

2. పాసివ్ అవసరమా కాదా తేల్చుకోవడం

చాలామంది 'బడు' ఉంటేనే పాసివ్ అనుకుంటారు. "అద్దెకు ఇవ్వబడును" అనే బోర్డులు చూసి ఏర్పడిన అభిప్రాయం అది. నిజానికి మనం రోజూ మాట్లాడే తెలుగులో 'బడు' దాదాపు లేదు. చేసేవారి పేరు చెప్పనక్కరలేనప్పుడు మనం కర్తను వదిలేసి "ఫలితాలు సోమవారం ప్రకటిస్తారు", "రేపు రోడ్డు మూసేస్తారు" అంటాం. ఎవరు ప్రకటిస్తారు, ఎవరు మూసేస్తారు అన్నది వాక్యంలో లేదు. ఇంగ్లిష్ వాక్యం కర్త లేకుండా నిలబడదు కాబట్టి, ఆ ఖాళీలోకి కర్మను, అంటే పని దేని మీద జరుగుతుందో ఆ మాటను, తెచ్చి కూర్చోబెడుతుంది. ఇంగ్లిష్ పాసివ్‌కు తెలుగులో అసలైన జోడీ ఈ కర్త లేని '-తారు' వాక్యమే.

కాబట్టి మొదటి పరీక్ష ఇది: మీ తెలుగు వాక్యంలో క్రియ '-తారు' అని ముగుస్తూ, ఎవరు అన్నది చెప్పకుండా ఉంటే పాసివ్ రాయండి.

రెండో పరీక్ష కూడా తప్పనిసరి. తెలుగులో "ఇస్తారు" అన్న ఒక్క రూపమే రోజూ జరిగే పనికీ రేపు జరగబోయే పనికీ సరిపోతుంది. ఇంగ్లిష్‌లో రెండూ వేరు.

- "ఈ కౌంటర్‌లో టోకెన్లు ఇస్తారు" అన్నది నిత్యం జరిగే పని: "టోకెన్స్ ఆర్ ఇష్యూడ్ ఎట్ దిస్ కౌంటర్."
- "రేపు ఉదయం 6 గంటలకు టోకెన్లు ఇస్తారు" అన్నది భవిష్యత్తు: "టోకెన్స్ విల్ బి ఇష్యూడ్ ఎట్ 6 ఎ.ఎం. టుమారో."

వాక్యానికి ముందు "రోజూ" అన్న మాట చేర్చి చూడండి. అర్థం చెడకుండా ఇమిడితే 'ఆర్' లేదా 'ఈజ్' రాయాలి. ఇమడకపోతే 'విల్ బి' రాయాలి.

ఇక "మొదలవుతుంది", "తెరుచుకుంటుంది", "పెరుగుతుంది" వంటి '-తుంది' క్రియలకు సాధారణంగా పాసివ్ అక్కరలేదు. "క్లాసు 9 గంటలకు మొదలవుతుంది" అంటే "ది క్లాస్ విల్ స్టార్ట్ ఎట్ 9" అంటే చాలు. అయితే కొన్ని క్రియలకు ఇంగ్లిష్‌లో ఇలాంటి వాడుక లేదు. "పూర్తవుతుంది", "రద్దవుతుంది", "విడుదలవుతుంది" అన్నవాటికి వరుసగా "విల్ బి కంప్లీటెడ్", "విల్ బి క్యాన్సిల్డ్", "విల్ బి రిలీజ్డ్" అనే రాయాలి. వీటిని విడిగా గుర్తుపెట్టుకోవడమే మార్గం.

3. కర్మను ముందుకు తేవడం

'ను', 'ని' ప్రత్యయం ఉన్న మాటను, లేదా ఏ ప్రత్యయమూ లేకుండా "ఏమిటి" అన్న ప్రశ్నకు జవాబిచ్చే మాటను వెతికి, ప్రత్యయం తీసేసి వాక్యం మొదట పెట్టండి. "ఉపగ్రహాన్ని శ్రీహరికోట నుంచి ప్రయోగిస్తారు" అన్నదాన్ని "ది శాటిలైట్ విల్ బి లాంచ్డ్ ఫ్రమ్ శ్రీహరికోట" అని రాస్తాం.

'కు', 'కి' ఉన్న వ్యక్తిని కూడా ముందుకు తేవచ్చు, కానీ అన్ని క్రియలతోనూ కాదు. గివ్, సెండ్, పే, ఆఫర్, టెల్ వంటి క్రియలు దీనికి ఒప్పుకుంటాయి: "మీకు రశీదు ఇస్తారు" అంటే "యూ విల్ బి గివెన్ ఎ రిసీట్." ఎక్స్‌ప్లెయిన్, అనౌన్స్, సజెస్ట్ మాత్రం ఒప్పుకోవు. "యూ విల్ బి ఎక్స్‌ప్లెయిన్డ్ ది రూల్స్" అన్న వాక్యం మన శిక్షణ తరగతుల్లో విరివిగా వినిపిస్తుంది, కానీ "ది రూల్స్ విల్ బి ఎక్స్‌ప్లెయిన్డ్ టు యూ" అన్నదే సరైన రూపం.

4. విల్, బి, వీ3: ఈ క్రమం మారకూడదు

ఏకవచనమైనా బహువచనమైనా, ముందు "ఐ" ఉన్నా "దే" ఉన్నా "విల్ బి" మారదు. లోపలి మూడు ముక్కల్లో ఏది తప్పినా వాక్యం చెడుతుంది.

- 'బి' తప్పితే: "ది ఫీ విల్ రిఫండెడ్" తప్పు.
- 'బి' బదులు 'బీన్' పెడితే: "ది ఫీ విల్ బీన్ రిఫండెడ్" తప్పు. 'బీన్' రావాలంటే దాని ముందు 'హావ్' ఉండాలి.
- మూడో రూపం తప్పితే: "ది మెయిల్ విల్ బి సెండ్" తప్పు. "విల్ బి సెంట్" అనాలి.

వీటికన్నా ప్రమాదకరమైన తప్పు ఒకటుంది, ఎందుకంటే అందులో వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది. "నేను రేపు రిపోర్టు పంపిస్తాను" అనే ఉద్దేశంతో "ఐ విల్ బి సెంట్ ది రిపోర్ట్ టుమారో" అని రాస్తే, రిపోర్టును ఎవరో మీకు పంపుతారన్న అర్థం వస్తుంది. ఎదుటివారు నిశ్చింతగా ఎదురుచూస్తారు, మీరూ పంపరు. చేసేది మీరే అయినప్పుడు 'బి' జోలికి వెళ్ళకుండా "ఐ విల్ సెండ్" అనండి.

5. తెలుగు క్రియ చివర చూసి ఇంగ్లిష్ రూపం ఎంచుకోవడం

భవిష్యత్తు అంటే 'విల్ బి' ఒక్కటే కాదు. ఏ రూపం వాడాలో మీ తెలుగు క్రియే చాలావరకు చెబుతుంది.

*'-తున్నారు', వెంట కాలం తెలిపే మాట.* ఏర్పాట్లు జరిగిపోయిన పనికి మనం "ఆమెను రేపు డిశ్చార్జి చేస్తున్నారు" అంటాం. ఇంగ్లిష్‌లోనూ అంతే: "షి ఈజ్ బీయింగ్ డిశ్చార్జ్డ్ టుమారో." 'టుమారో' తీసేస్తే ఇప్పుడే జరుగుతున్నట్టు అర్థం మారుతుంది కాబట్టి దాన్ని వదలకండి.

*'-బోతున్నారు'.* "ఈ పాత భవనాన్ని కూల్చబోతున్నారు" అంటే "దిస్ ఓల్డ్ బిల్డింగ్ ఈజ్ గోయింగ్ టు బి డిమాలిష్డ్." నిర్ణయం ముందే జరిగిందనో, సూచనలు కళ్ళెదుట ఉన్నాయనో చెప్పడానికి ఇది పనికొస్తుంది. రాతపూర్వక నోటీసుల్లో కంటే మాటల్లో బాగుంటుంది.

*'-ఏసి ఉంటారు'.* "మీరు వచ్చేసరికి భోజనాలు వడ్డించేసి ఉంటారు" అంటే "బై ది టైమ్ యూ అరైవ్, లంచ్ విల్ హావ్ బీన్ సర్వ్‌డ్." భవిష్యత్తులో ఒక క్షణాన్ని ఎంచుకుని, ఆ క్షణానికి ఈ పని అయిపోయి ఉంటుందని చెప్పేటప్పుడే 'విల్ హావ్ బీన్' వాడాలి. కేవలం గడువు చెప్పాలంటే "విల్ బి కంప్లీటెడ్ బై జూన్" సరిపోతుంది. బరువుగా ఉంటుందని 'విల్ హావ్ బీన్' ఎక్కడపడితే అక్కడ దించేవారున్నారు. అది వాక్యాన్ని పొడిగించడం తప్ప చేసేది లేదు.

*'-వచ్చు'.* ఇక్కడ ఆగి ఆలోచించాలి. "రేపటి నుంచి హాల్ టికెట్లు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు" అన్నది వీలు, కాబట్టి "హాల్ టికెట్స్ కెన్ బి డౌన్‌లోడెడ్ ఫ్రమ్ టుమారో." "పరీక్ష వాయిదా వేయవచ్చు" అన్నది అనుమానం, కాబట్టి "ది ఎగ్జామ్ మే బి పోస్ట్‌పోన్డ్."

*'-ఆలి'.* "ఫారాలు శుక్రవారంలోగా సమర్పించాలి" అంటే "ది ఫామ్స్ మస్ట్ బి సబ్మిటెడ్ బై ఫ్రైడే." అధికారిక నోటీసుల్లో 'మస్ట్ బి' బదులు 'ఆర్ టు బి' కూడా కనిపిస్తుంది.

*పత్రికల భాష.* "ఈజ్ షెడ్యూల్డ్ టు బి", "ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు బి", "ఈజ్ లైక్లీ టు బి" అన్నవి మీ పూచీకత్తును క్రమంగా తగ్గిస్తాయి. తేదీ ఖరారైతే మొదటిది, అలా జరుగుతుందని అందరూ అనుకుంటుంటే రెండోది, జరిగే అవకాశం ఎక్కువని మాత్రమే చెప్పాలంటే మూడోది.

'విల్ బి బీయింగ్' అనే రూపం వ్యాకరణ పట్టికల్లో కనబడుతుంది. దాన్ని వాడేవారు అరుదు, మీరూ వదిలేయండి.

6. ఇఫ్, వెన్, ఆఫ్టర్, అన్‌టిల్ ఉన్న వాక్యాలు

రెండు భాగాలున్న వాక్యంలో షరతునో సమయాన్నో చెప్పే భాగంలో 'విల్' రాకూడదు. భవిష్యత్తు గురించే చెబుతున్నా అక్కడ వర్తమాన రూపమే ఉండాలి.

- తప్పు: "వెన్ ది డాక్యుమెంట్స్ విల్ బి వెరిఫైడ్, ది కార్డ్ విల్ బి ఇష్యూడ్."
- ఒప్పు: "వెన్ ది డాక్యుమెంట్స్ ఆర్ వెరిఫైడ్, ది కార్డ్ విల్ బి ఇష్యూడ్."

తెలుగులో "పత్రాలు పరిశీలించాక కార్డు ఇస్తారు" అన్నప్పుడు భవిష్యత్తును మోసేది చివరి క్రియ ఒక్కటే. "పరిశీలించాక" అన్నదానికి కాలం లేదు. "వరద పెరిగితే సాగర్ గేట్లు ఎత్తుతారు" అన్నా అంతే: "ఇఫ్ ది ఇన్‌ఫ్లో ఇంక్రీజెస్, ది క్రెస్ట్ గేట్స్ ఎట్ నాగార్జున సాగర్ విల్ బి లిఫ్టెడ్." తెలుగు వాక్యంలో '-తే', '-ఆక', '-గానే', '-ఏవరకు' ఉన్న క్రియకు 'విల్' ఇవ్వకూడదని గుర్తుపెట్టుకుంటే ఈ తప్పు జరగదు.

7. 'బై' ఎక్కడ, ఎందుకు

చేసేవారు ఎవరన్నది చదివేవారికి కొత్త సమాచారమైతేనే 'బై' పెట్టండి. "ప్రైజెస్ విల్ బి డిస్ట్రిబ్యూటెడ్ బై ది కలెక్టర్" అంటే విశేషముంది. "ఎగ్జామ్ పేపర్స్ విల్ బి వాల్యూడ్ బై ఎగ్జామినర్స్" అంటే కొత్తగా తెలిసిందేమీ లేదు.

ఇదే మాట మార్గాన్నీ గడువునూ కూడా చెబుతుంది. "బై పోస్ట్" అంటే పోస్టు ద్వారా, "బై ఫ్రైడే" అంటే శుక్రవారంలోగా. ఒకే వాక్యంలో మూడు 'బై'లు పడితే చదివేవారు తికమకపడతారు కనుక, రెండో వాక్యంగా విడగొట్టండి.

గడువుకూ కొనసాగింపుకూ తేడా పాటించండి. ఒక తేదీలోపు ఒకసారి జరిగే పనికి 'బై', ఆ తేదీ దాకా సాగే పనికి 'అన్‌టిల్', ఇన్ని రోజుల్లోపు అనడానికి 'వితిన్' వాడాలి: "ది అమౌంట్ విల్ బి రిఫండెడ్ వితిన్ 7 వర్కింగ్ డేస్."

8. ప్రశ్నలు, కాదనే వాక్యాలు

ప్రశ్నలో 'విల్' కర్మకు ముందుకు వస్తుంది, 'బి' అక్కడే ఉండిపోతుంది: "వెన్ విల్ ది రిజల్ట్స్ బి డిక్లేర్డ్?" మనవారు ఎక్కువగా "వెన్ ది రిజల్ట్స్ విల్ బి డిక్లేర్డ్?" అంటారు. ఆ వరుస "ప్లీజ్ లెట్ మి నో" వంటి మాటల తర్వాతే సరైనది: "ప్లీజ్ లెట్ మి నో వెన్ ది రిజల్ట్స్ విల్ బి డిక్లేర్డ్." సెక్షన్ 6లో వద్దన్న 'వెన్... విల్' ఇక్కడ చెల్లుతుంది, ఎందుకంటే ఈ 'వెన్'కు "అప్పుడు" అని కాక "ఎప్పుడు" అని అర్థం.

కాదనేటప్పుడు 'నాట్' స్థానం 'విల్' పక్కన: "లేట్‌కమర్స్ విల్ నాట్ బి అలౌడ్."

9. 'షల్ బి' సంగతి

టెండర్లలోనూ చట్టాల్లోనూ కనిపించే 'షల్ బి' చాలాచోట్ల భవిష్యత్తును కాదు, విధిని చెబుతుంది. భారత రాజ్యాంగంలోని 21వ అధికరణం "నో పర్సన్ షల్ బి డిప్రైవ్డ్ ఆఫ్ హిజ్ లైఫ్ ఆర్ పర్సనల్ లిబర్టీ" అని మొదలవుతుంది. అది జోస్యం కాదు, ఆంక్ష. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం మూడో సెక్షన్‌లో "దేర్ షల్ బి ఫార్మ్డ్ ఎ న్యూ స్టేట్" అని ఉంది. ఆ వాక్యం తెలంగాణ ఏర్పడుతుందని కబురు చెప్పడం లేదు, దాన్ని ఏర్పాటు చేస్తోంది.

ఒప్పంద పత్రాలు రాసేవారు తప్ప మిగతావారు 'విల్ బి'తోనే సరిపెట్టుకోవడం క్షేమం.

10. ఒక నోటీసును రాసి చూద్దాం

అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి రాయవలసిన విషయం ఇది: "ఆదివారం ఉదయం 8 గంటల నుంచి మధ్యాహ్నం 12 గంటల వరకు నీటి ట్యాంకులు శుభ్రం చేస్తారు. ఆ సమయంలో నీళ్ళు రావు. శుభ్రం చేశాక ట్యాంకులు మళ్ళీ నింపుతారు. 2 గంటలకల్లా సరఫరా పునరుద్ధరిస్తారు. ఆలస్యమైతే గ్రూపులో తెలియజేస్తాం."

మొదటి వాక్యంలో '-తారు' ఉంది, కర్త లేదు: "ది వాటర్ ట్యాంక్స్ విల్ బి క్లీన్డ్ ఆన్ సండే ఫ్రమ్ 8 ఎ.ఎం. టు 12 నూన్."

రెండోదానిలో "రావు" అకర్మక క్రియ, అంటే దానికి కర్మ ఉండదు. పాసివ్‌కు లొంగదు. "దేర్ విల్ బి నో వాటర్ సప్లై డ్యూరింగ్ దిస్ టైమ్" అంటే హాయిగా ఉంటుంది.

మూడోదానిలో "చేశాక" ఉంది కాబట్టి ఆ భాగంలో 'విల్' రాదు: "వన్స్ దే హావ్ బీన్ క్లీన్డ్, ది ట్యాంక్స్ విల్ బి రీఫిల్డ్."

నాలుగోదానిలో గడువు ఉంది: "ది సప్లై విల్ బి రిస్టోర్డ్ బై 2 పి.ఎం." ఇక్కడ 'టిల్ 2' అని రాస్తే, 2 గంటలయ్యాక నీళ్ళు మళ్ళీ ఆగిపోతాయని భయపడేవారుంటారు.

అయిదోది అసలు పరీక్ష. "వుయ్ విల్ బి ఇన్‌ఫార్మ్డ్" అంటే తెలుసుకునేది సంఘమే అవుతుంది. తెలుసుకునేవారిని ముందుకు తేవాలి: "ఇఫ్ దేర్ ఈజ్ ఎనీ డిలే, రెసిడెంట్స్ విల్ బి ఇన్‌ఫార్మ్డ్ ఇన్ ది వాట్సాప్ గ్రూప్."

పంపే ముందు సరిచూసుకోవలసినవి:

- ప్రతి పాసివ్ వాక్యంలో 'విల్' పక్కన 'బి', దాని తర్వాత మూడో రూపం ఉన్నాయా?
- మొదట ఉన్న మాట పని చేసేదా, పని జరిగేది దాని మీదా?
- 'ఇఫ్', 'వన్స్', 'ఆఫ్టర్' ఉన్న భాగంలో 'విల్' దూరిందా?
- తేదీ ముందు పడిన 'బై', 'అన్‌టిల్' మీ ఉద్దేశాన్నే చెబుతున్నాయా?

11. మిగిలిన తప్పులు, సవరణలు

*"ది మీటింగ్ విల్ బి హ్యాపెన్డ్."* హ్యాపెన్, అరైవ్, అకర్ వంటి క్రియలకు కర్మ ఉండదు, కాబట్టి పాసివ్ కూడా ఉండదు. "విల్ బి హెల్డ్" లేదా "విల్ టేక్ ప్లేస్" అనండి.

*"యువర్ పాస్ విల్ బి ఎక్స్‌పైర్డ్ ఆన్ 31 మార్చ్."* గడువు దానంతట అదే తీరుతుంది. "విల్ ఎక్స్‌పైర్" సరిపోతుంది.

*"యువర్ కంప్లైంట్ విల్ బి లుక్డ్."* క్రియకు అంటుకుని ఉండే చిన్న మాట పాసివ్‌లోనూ వెంట రావాలి: "విల్ బి లుక్డ్ ఇన్‌టు." "కాల్డ్ ఆఫ్", "క్యారీడ్ అవుట్" కూడా ఇంతే.

*"ది ఆఫీస్ విల్ బి ఓపెన్డ్ ఫ్రమ్ 10 టు 5."* తెరిచే పని ఒక క్షణంలో అయిపోతుంది, తెరిచి ఉండడం కొనసాగుతుంది. ఇక్కడ చెప్పేది స్థితి కాబట్టి "విల్ బి ఓపెన్" అనాలి. కొత్త శాఖను ఫలానా రోజు ప్రారంభిస్తారనడానికి "విల్ బి ఓపెన్డ్" సరైనది. 'క్లోజ్డ్' విషయంలో ఈ ఇబ్బంది లేదు, రెండింటికీ అదే రూపం.

12. పాసివ్ వద్దనుకోవలసిన చోట్లు

మీరు మాట ఇస్తున్నప్పుడు పాసివ్ వాడకండి. "ది ఫైల్ విల్ బి సెంట్ బై 5" అన్న మెయిల్‌లో ఎవరు పంపుతారో తేలదు, సాయంత్రం 5 దాటాక అడగడానికి మనిషీ దొరకడు. "ఐ విల్ సెండ్ ది ఫైల్ బై 5" అంటే అవతలివారికి భరోసా ఉంటుంది. ముగ్గురు నలుగురు కలిసి చేసే పనుల మినిట్స్ (సమావేశంలో అనుకున్నవాటి నమోదు) రాసేటప్పుడు కూడా ఇంతే: "టెస్టింగ్ విల్ బి డన్" అని వదిలేస్తే ఆ పని ఎవరికీ చెందదు, కాబట్టి బాధ్యుల పేరుతోనే వాక్యం మొదలుపెట్టండి.

అధికారులు "నెసెసరీ యాక్షన్ విల్ బి టేకెన్" అని జవాబిచ్చినప్పుడు, అందులో లేని రెండు విషయాలను తిరుగు ఉత్తరంలో అడగండి: "బై హూమ్ అండ్ బై వెన్ విల్ ది యాక్షన్ బి టేకెన్?"